ఓపా అంటే తాత, ఓబ అంటే నీళ్ళు

మా నాన్న, మేం బాపు అని పిలుస్తాం, షార్జాలో లారీలు బాగుచేసే గ్యారేజీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. గ్యారేజీ వెనుక రేకుల గదిలో ఆయన పక్క మంచం ఒక పఠాన్‌ది. ఆయనది జలాలాబాద్ దగ్గరి పల్లె. బాపుకంటే నాలుగైదేళ్ళు పెద్ద. బాపు ఆయన్ని లాలా అనేవాడు. పష్తో భాషలో లాలా అంటే అన్న. ఆయన బాపుని ‘వ్రోరా’ అని పిలిచేవాడు, అంటే తమ్ముడా అని. మా ఇంట్లో ఎవరం ఆయన అసలు పేరుతో పిలిచి ఎరగం. లాలా అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు.

బాపు పష్తో నేర్చుకున్నది లారీల కిందే. లాలాకు ఉర్దూ అంతంతమాత్రం. బాపుకి మన తెలుగు, కొంచెం దక్కనీ ఉర్దూ తప్ప మరేమీ రావు. ఇద్దరూ ఒకే బండి కింద వెల్లకిలా పడుకొని పానా అడగాలన్నా, ఆయిల్ కారుతోందని చెప్పాలన్నా ఎవరో ఒకరు రెండోవాళ్ళ మాట నేర్చుకోక తప్పలేదు. లాలా మొండివాడు, తెలుగు ఒక్క ముక్క పట్టలేదు. బాపే పట్టాడు. సెలవు మీద ఖానాపూర్ పక్కన మా ఊరికి వచ్చినప్పుడు నిద్రలేస్తూనే నోటికి పష్తో వచ్చేది. అవ్వ, అంటే మా అమ్మ, చిరాకు పడేది.

బాపు గల్ఫ్ మానేసి ఇంటికి వచ్చేశాక కూడా ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక లాలా ఫోన్ చేసేవాడు. అప్పటికి ఆయన కూడా తన పల్లెకు చేరుకున్నాడు. తర్వాత ఆయన దేశంలో ప్రభుత్వం కూలి అంతా తలకిందులైంది. ఒక శుక్రవారం ఫోన్ రాలేదు. మళ్ళీ శుక్రవారం కూడా రాలేదు. బాపు చేస్తే స్విచాఫ్ అని వచ్చేది. టీవీలో విమానాశ్రయం గేటు దగ్గర తోసుకుంటున్న జనాన్ని చూపిస్తుంటే బాపు తెరకు దగ్గరగా కూర్చొని ఒక్కొక్క ముఖం వెతికేవాడు. ఫోన్ పాడైపోయి కొత్తది కొన్నా నంబరు మాత్రం మార్చనివ్వలేదు. కొన్నేళ్ళకు లాలా పేరు ఎత్తడం మానేశాడు. ఎదురుచూడటం మానలేదని అవ్వకూ నాకూ తెలుసు.

నేను కరీంనగర్‌లో ఉంటాను. హుజూరాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అన్నం తింటుంటే బాపు ఫోన్ చేశాడు. ఊళ్ళో తొలకరి పడింది, పత్తి గింజలు పెడుతున్నారు, ఆ వేళప్పుడు ఆయన చేను వదిలి ఫోన్ చేయడమే వింత.

“బిడ్డా, ఏదో దేశం నంబరుకెళ్ళి వాయిస్ వచ్చింది. ఎవలో చిన్నపిల్ల. నీళ్ళు అడుగుతుంది.”

నాకు అర్థం కాలేదు. ఎవరు పిల్ల, ఎవరిని నీళ్ళడుగుతోంది అన్నాను.

“ఓబ, ఓబ అంటుంది. పష్తోల ఓబ అంటే నీళ్ళు. కడమ ముక్కలు సమజైతలేవు. గొంతుల మాట్లాడుతుంది, లాలా వాళ్ళ తీరుగనే. గాని లాలా మాట కాదు. నువ్వు జర విని చెప్పు.”

ఆ మెసేజ్ నాకు పంపించమన్నాను. పంపించాడు. చెవికి ఆనించుకొని విన్నాను. తొమ్మిదో పదో ఏళ్ళ ఆడపిల్ల గొంతు. తొందరేమీ లేదు, ఏడుపూ లేదు. పాఠం అప్పజెప్పినట్టు నాలుగు వాక్యాలు. నిజమే, మధ్యమధ్య గొంతులో గీరినట్టు ‘ఖ్’ అనే చప్పుడు. బాపు నీళ్ళు అనుకున్న మాట రెండుసార్లు వచ్చింది. నాకు అది ఓబలా కాక ‘ఓపా’లా వినిపించింది.

ఫోన్‌లో భాషలు మార్చి చెప్పే సదుపాయం ఉంది కదా, దానికి వినిపించాను. ఇది డచ్చి భాష అంది. నేను ఉలిక్కిపడ్డాను. డచ్చివారంటే నాకు చరిత్ర పుస్తకంలో పోర్చుగీసువారి తర్వాత వచ్చే ఒక పేరు. వాళ్ళకు ఇంకా ఒక భాష ఉంటుందని, ఆ భాషలో ఒక పిల్ల మా బాపుకు కబురు పెడుతుందని ఎలా అనుకుంటాను? తర్జుమా కూడా అవకతవకగా, సగమే వచ్చింది. “డాక్టర్ నుండి తాత మాట్లాడకూడదు. కానీ అతను నవ్వుతాడు అయితే.”

రెండు మూడుసార్లు చదివాక తెలిసింది. ఓపా అంటే తాత. వెంటనే బాపుకి ఫోన్ చేసి చెప్పాను. నీళ్ళు కాదు, ఎవరికీ దాహం కాలేదు, తాతను మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట అని.

“ఎవల తాత?” అన్నాడు.

“లాలా కావచ్చు బాపు.”

కాసేపటికి అవ్వ గొంతు వినిపించింది. మీ బాపు ఫోన్ నా చేతుల పెట్టి బోరు కాడికి పోయిండు, ముఖం కడుక్కుంటుండు, ఏమైంది అని అడిగింది.

ఆ ఆదివారం నేను ఊరికి వెళ్ళాను. అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి మాట్లాడింది లాలా కొడుకు, పష్తోలో. బాపు అరుగు మీద నిటారుగా కూర్చొని మాట్లాడుతుంటే నేనూ అవ్వా ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాం. అయ్యాక మాకు తెలుగులో చెప్పాడు. వాళ్ళు ఇల్లు విడిచిపెట్టి రెండు దేశాలు దాటి చివరికి నెదర్లాండ్స్‌లో ఒక చిన్న పట్నం చేరుకున్నారు. దారిలో లాలా ఫోన్ పోయింది, అందులోని నంబర్లూ పోయాయి. చేరినప్పటి నుంచి ఆయన కొడుకుని మా బాపు సంగతి కనుక్కోమని పోరుతూనే ఉన్నాడు. ఈమధ్య కొడుకు షార్జా గ్యారేజీ పేరు ఇంటర్నెట్‌లో వెతికి, అక్కడికి ఫోన్ చేసి, వాళ్ళ దగ్గర బాపు నంబరు సంపాదించాడు. తీరా దొరికే సమయానికి లాలాకు మాట లేదు. నెలల తరబడి గొంతు బొంగురుపోయి ఉంటే డాక్టర్లు చూసి, స్వరతంత్రి మీద ఏదో పెరిగిందని తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపారు. మేం చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడవద్దన్నారు. కొడుకూ కోడలూ పనికి వెళ్ళినప్పుడు లాలా ఆగలేక, మనవరాలి చేతికి ఫోన్ ఇచ్చి సైగ చేశాడట. ఆ పిల్ల తనకు వచ్చిన భాషలో చెప్పింది.

తర్వాత వీడియోలో లాలా కనిపించాడు. ఫోటోల్లో చూసిన నల్లగడ్డం తెల్లబడింది. మెడకు పల్చటి రుమాలు. బాపు ‘స్తడై మ శే’ అన్నాడు. పఠాన్‌లు ఎదురుపడితే అనే మాట అది. అలసట నీ దరి చేరకూడదు అని అర్థం. దానికి జవాబు చెప్పే వీలు లాలాకు లేదు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. బాపు కూడా పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కలిసినవాళ్ళు అలా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుండిపోయారు. లాలా పక్క నుంచి రెండు జడల పిల్ల తల దూర్చి చెయ్యి ఊపింది.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. లాలా కొడుకు గోదాములో షిఫ్టుల పని చేస్తాడు, ఫోన్ లాకరులో పెట్టాలి. కోడలు బేకరీలో పనిచేస్తుంది. అందుకని మాతో మాట్లాడేది మనవరాలే. తాత దగ్గర పెరిగింది కనుక ఆ పిల్లకు పష్తో మొత్తం అర్థమవుతుంది. కానీ నోరు తెరిస్తే డచ్చే వస్తుంది. బడీ, స్నేహితులూ, టీవీ అన్నీ అదే కదా. బాపు పష్తోలో అడిగితే ఆమె డచ్చిలో చెబుతుంది. వెళ్ళే దారి బాగానే ఉంది, వచ్చే దారిలోనే గండి పడింది. ఫోన్ చేసే తర్జుమా మీద నాకు నమ్మకం చాలలేదు. ఆ పరీక్ష ఫలితం గురించి అది ఏదైనా అడ్డదిడ్డంగా చెబితే? అందుకే డచ్చి నేర్చుకోవడం మొదలుపెట్టాను.

కరీంనగర్ నుంచి హుజూరాబాద్ బస్సులో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చెవిలో పాఠాలు పెట్టుకొని వినేదాన్ని. ‘ఖూత్’ అంటే మంచిది. రాసేటప్పుడు గ అక్షరం, పలికేటప్పుడు గొంతు గీరాలి. నేను నెమ్మదిగా గీరుతుంటే పక్క సీటు ఆమె దగ్గు అనుకొని నీళ్ళ సీసా అందించింది. ఎంత ప్రయత్నించినా నాకు ఖడ్గంలో ఖ లాగే వచ్చేది. ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు బాపు విని నవ్వాడు.

“గొంతుల చాప ముల్లు ఇరుకుతె ఎట్ల తీస్తవ్, గట్ల అను బిడ్డా. గాలి పోవాలె, నాలిక తాకద్దు.”

అలా అనేసరికి వచ్చింది. లాలా దగ్గర నేర్చుకున్న ఆ చప్పుడుతో మా బాపు నాకు డచ్చి అక్షరం నేర్పించాడు. అప్పుడు అనిపించింది, ఇన్నేళ్ళు ఇంట్లో పష్తో ఉండి కూడా నేను ఆయన్ని ఒక్క మాట అడగలేదే అని. ఆ సాయంత్రం అంకెలతో మొదలుపెట్టాం. ఆయన పష్తోలో ఒకటి అంటే నేను డచ్చిలో ఒకటి అనాలి. ఆయన ‘యౌ’ అంటే నేను ‘ఏన్’. ఆయన ‘ద్వ’ అంటే నేను ‘త్వే’. ఆయన ‘ద్రే’ అన్నాడు, నేను ‘ద్రీ’ అన్నాను. బాపు ఆగిపోయాడు.

“ఏందీ, మూడుకు నువ్వు కూడా గదే అంటున్నవ్?”

మళ్ళీ అనమన్నాడు. ద్రే, ద్రీ. ఎనిమిది దగ్గర మళ్ళీ ఆగాం. అత, అఖ్త్. అంకెలు వదిలేసి చుట్టరికాల మీద పడ్డాం. వ్రోర్ అంటే సోదరుడు, డచ్చిలో బ్రూర్. మోర్ అంటే తల్లి, అక్కడ మూదర్. నక్షత్రం స్తోరై, అక్కడ స్తేర్. పేరుకు వీళ్ళు నూమ్ అంటారు, వాళ్ళు నామ్ అంటారు, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న నామం ఉండనే ఉంది. ఈ భాషలన్నీ ఎప్పుడో ఒక్క ఇంటి నుంచి బయలుదేరినవని, ఒకటి పడమర సముద్రం దాకా, ఒకటి కొండల మధ్యకు పోయిందని, హిందీ, మరాఠీ కూడా ఆ ఇంటివేనని బాపుకి చెప్పాను. మన తెలుగుది వేరే ఇల్లు అన్నాను.

అవ్వ బియ్యం ఏరుతూ అన్నీ వింటోంది. ఆమె పుట్టిల్లు మరాఠీ మాట్లాడే సరిహద్దు దగ్గరి బోథ్. పెళ్ళయి వచ్చిన కొత్తలో వదినను వైని అని, అన్నను దాదా అని మరాఠీ మాటలు కలిపి మాట్లాడితే మా నాయనమ్మ వాళ్ళు నవ్వేవారట.

“వేరే ఇల్లయితె ఏమాయె. నేను రాలేదా వేరే ఇంటికెళ్ళి,” అంది.

వేరే ఇంటివాళ్ళమైనా కొన్నిచోట్ల మనమే పష్తోకు దగ్గర. ట, డ, ణ పష్తోలో దండిగా ఉన్నాయి. బాపుకి అవి పలకడానికి కష్టం కాలేదు. డచ్చిలో ఆ గట్టి అక్షరాలు లేవు. ఆ పిల్ల బాపు అని చక్కగా అంటుంది గానీ బిడ్డా అనమంటే ‘బిద్దా’ అంటుంది. ఇంకొక సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. మనం చెట్టులో చ ఒక రకంగా, చలిలో చ ఇంకో రకంగా పలుకుతాం. నాలుక పళ్ళకు తాకించి పలికే ఆ చలిలోని చ పష్తోలో విడిగా ఒక అక్షరం. నాలుగును వాళ్ళు చలోర్ అంటారు, ఆ చ తోనే. మిగతా దేశాల మనుషులకు అది పట్టుబడక తన్నుకులాడుతుంటే, బాపు మొదటి రోజే అన్నాడని లాలా గ్యారేజీ అంతా చెప్పుకున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు బాపు ముఖంలో గర్వం చూశాను.

వాక్యం కట్టే తీరులో కూడా పష్తో మనలాగే, క్రియ చివర వస్తుంది. నేను రొట్టె తింటాను అన్న వరుసే. డచ్చిలో మామూలు వాక్యంలో క్రియ రెండో చోట కూర్చుంటుంది. కానీ ‘ఎందుకంటే’ అని మొదలుపెడితే అది లేచి చివరికి వెళ్ళిపోతుంది. ‘ఓమ్‌దత్ ఓపా జీక్ ఇస్.’ ఎందుకంటే తాతకు జబ్బుగా ఉంది. కారణం చెప్పేటప్పుడు మన తోవకు వస్తారన్నట్టు అని బాపు తేల్చాడు. పష్తోలో ఆయన్ని ఏళ్ళ తరబడి ఏడిపించింది ఆడా మగా. రొట్టె ఆడది, ఇల్లు మగది. పైగా జరిగిపోయిన పని చెప్పేటప్పుడు, తిన్నది మగవాడే అయినా రొట్టె ఆడది కాబట్టి క్రియ రొట్టె వెంట పోతుంది. డచ్చిలో వస్తువులన్నీ రెండు గుంపులు, కొన్నిటి ముందు ‘ద’, కొన్నిటి ముందు ‘హెత్’. ఏది ఏ గుంపో చాలామట్టుకు బట్టీ పట్టవలసిందే. ఇల్లయినా రొట్టెయినా మనకు ‘అది’ అంటే సరిపోతుంది. మనది సుఖమున్న భాష అన్నాడు బాపు.

ఒక మాట మాత్రం మూడు భాషల్లోనూ ఉందని తెలిసి ఇద్దరికీ సంతోషం కలిగింది. మనం ఎవరినైనా కూర్చోమనాలంటే జర కూసోండ్రి అంటాం. ఆ జర తీసేస్తే ఆజ్ఞాపించినట్టుంటుంది. డచ్చిలో దానికి ‘ఏవన్’ అంటారు. పష్తోలో ‘లగ్’. నర్సు తాతకు సూది వేసేటప్పుడు ఏవన్, ఏవన్ అంటుందని ఆ పిల్ల చెప్పినప్పుడు వివరంగా చెప్పే పని లేకుండా బాపుకి చెప్పాను, జర అంటుందట అని. ఆయనకు ఆ నర్సు మీద నమ్మకం కుదిరింది.

చివరికి ఆసుపత్రి మాట దగ్గరికి వచ్చాం. డచ్చిలో ఆసుపత్రి ‘జీకన్‌హౌస్’, అంటే జబ్బు మనుషుల ఇల్లు. మనం దవాఖాన అంటాం, మందులుండే చోటు. పష్తోలో ‘రోగ్‌తూన్’. రోగం అన్న మాట వినబడి నేను కూడా జబ్బు ఇల్లే అనుకున్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు. వాళ్ళకు రోగ్ అంటే ఆరోగ్యంగా ఉండటం. అది బాగయ్యే చోటు. “లాలా గక్కడికి పోయిండనుకుందం,” అన్నాడు. ఆ మాట తర్వాత భాషల సంగతి ముందుకు సాగలేదు. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. అది క్యాన్సరేమోనని ఇద్దరికీ భయమే.

ఫలితం వచ్చే రోజు ముందుగానే తెలిసింది. బుధవారం పొద్దున కొడుకు లాలాను ఆసుపత్రికి తీసుకెళ్తాడు, డాక్టరు చెప్పింది విని, తండ్రిని ఇంట్లో దింపి అటునుంచి అటే పనికి పోతాడు. బుధవారం అక్కడ చిన్నపిల్లలకు ఒంటిపూట బడి. ఆ పిల్ల ఇంటికి వచ్చి మాకు ఫోన్ చేస్తుంది. ఎప్పుడు అంటే ‘హాల్ఫ్ త్వే’కు అని చెప్పింది. ఆ ఒక్క మాటా నేను ఫోన్ సాయం లేకుండా అర్థం చేసుకున్నానని మురిసిపోయాను. త్వే అంటే రెండు, హాల్ఫ్ అంటే సగం. రెండున్నర. వాళ్ళ గడియారానికీ మనకూ ఉన్న తేడా కలుపుకుంటే మనకు సాయంత్రం ఆరు. బాపుకి ఆరు గంటలకు అని చెప్పాను. అలాంటి మాట ఆయన ఒక్కడే వినకూడదని, నేను పక్కనుండాలని మధ్యాహ్నం సెలవు పెట్టి బయలుదేరాను.

జగిత్యాల దాటాక వాన అందుకుంది. మెట్‌పల్లిలో బస్సు మారాను. గోదావరి వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే నీళ్ళు ఇంకా ఎర్రగా, సన్నగానే ఉన్నాయి. నేను డచ్చిలో రాబోయే మాటలు మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. మంచి కబురైతే ఏ మాటలు వస్తాయి, చెడ్డ కబురైతే ఏ మాటలు వస్తాయి. చెడ్డ మాటలు కూడా వెతికి పెట్టుకున్నాను, తీరా వచ్చాక తడబడకూడదని.

ఊరు చేరేసరికి ఇంకా ఆరు కాలేదు. సమయానికి ముందే వచ్చాననుకుంటూ గబగబా నడిచాను. బాపు అరుగు మీద చాయ తాగుతున్నాడు. ఫోన్ పక్కన బోర్లా పెట్టి ఉంది. నన్ను చూసి అన్నాడు, “అయిపోయింది బిడ్డా.”

ఆ ఒక్క మాటకు తెలుగులో ఎన్ని అర్థాలున్నాయో నాకంటే ఎవరికి తెలుసు? నా ముఖం చూసి అవ్వ లోపలి నుంచి పరుగున వచ్చింది.

“గట్ల చెప్తరా ఎవలన్న? ఫోన్ అయిపోయిందంటుండు. లాలా మంచిగున్నడు. ఏం లేదట.”

నేను తడి మెట్ల మీదే కూర్చుండిపోయాను. బస్సులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా తలలోంచి పోయాయి. అవ్వ తువ్వాల తెచ్చి నా తల తుడుస్తుంటే కళ్ళు కూడా తుడుచుకున్నాను.

తర్వాత బాపు జరిగింది చెప్పాడు. ఐదింటికే ఫోన్ మోగింది. వీడియోలో లాలా, పక్కన పిల్ల. ఆ పిల్ల తన అలవాటు ప్రకారం డచ్చిలో గడగడా చెప్పుకుపోయింది. బాపు ఆపి, నా బిడ్డ ఇంకా రాలేదు తల్లీ, నాకు ఒక్క ముక్క సమజ్ కాలేదు అని పష్తోలో చెప్పాడు. పిల్ల ఆగిపోయి తాత వైపు చూసింది. తాత మాట్లాడకూడదు. బాపు వైపు చూసింది. బాపుకి తన భాష రాదు. ఫోన్ పెట్టేస్తుందేమోనని బాపు భయపడ్డాడట. లాలా ముఖం చూద్దామంటే పిల్ల అప్పటికే ఫోన్ తన వైపే తిప్పుకొని పట్టుకుంది. అప్పుడు ఆ పిల్ల కళ్ళు మూసుకొని, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, పష్తోలో చెప్పింది.

“బాబా దై జోడ్. హేచ్ నిశ్తా.”

బాబా అంటే తాత. జోడ్ దై అంటే బాగున్నాడు. హేచ్ నిశ్తా, ఏమీ లేదు.

“దై చివరికి రావాలె,” అన్నాడు బాపు నాతో, మాస్టారులా. “బాబా జోడ్ దై అనాలె. గా పిల్ల డచ్చోళ్ళ లెక్క నడిమిట్ల పెట్టింది. పెట్టనియ్యి.”

లాలా అటువైపు చప్పట్లు కొట్టాడట. ఆ దేశం చేరి బడిలో పడ్డాక ఆ పిల్ల నోట పష్తో వాక్యం వినడం ఆయనకు అదే మొదలు. కొడుకూ కోడలూ బతిమాలినా మాట్లాడని పిల్ల. బాపు కూడా ఏం చేయాలో తోచక ఇక్కడ చప్పట్లు కొట్టాడు. చప్పట్లు విని అవ్వ వంటింట్లోంచి వచ్చి, ఏమైందో తెలియకుండానే తనూ నవ్విందట.

నేను గంట ఎక్కడ తప్పానో అప్పుడు వెతికి చూసుకున్నాను. డచ్చిలో హాల్ఫ్ త్వే అంటే రెండున్నర కాదు, ఒకటిన్నర. రెండవ గంటలో సగం అయిందని వాళ్ళ లెక్క. మరి పష్తోలో ఎలా అంటారని బాపుని అడిగాను. ద్వ నీమే బజే అన్నాడు, మనలాగే రెండు మీద సగం. నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా అనలేదు, అడిగినా ఆయనకు డచ్చి గడియారం ఏం తెలుసు? ఇద్దరం నవ్వుకున్నాం. నేను సమయానికి వచ్చి ఉంటే ఆ పిల్ల డచ్చిలోనే చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. పొరపాటు మంచికే వచ్చిందని అవ్వ అంది. ఆ సాయంత్రం బాపు రెండు మార్లు వడ్డించుకొని తిన్నాడు. ఎప్పటినుంచో సగం తిని లేచిపోతున్నాడని అవ్వ చెప్పాకే నాకు తెలిసింది.

మరికొన్ని వారాలకు లాలాకు మాట్లాడే అనుమతి వచ్చింది. నేను ఆ ఆదివారం ఊళ్ళోనే ఉన్నాను. గొంతు సన్నగా, గాలి ఎక్కువగా వచ్చింది. బాపు మొదట గుర్తుపట్టలేక ఫోన్ కొంచెం దూరం పెట్టి చూశాడు. తర్వాత ఇద్దరూ మొదలుపెట్టారు. లాలా వాళ్ళ ఇంటి వెనుక కాలువ గట్టు మీద నడుస్తూ అవతలి గడ్డిలో మేస్తున్న తెలుపూ నలుపూ ఆవుల్ని చూపించాడు. బాపు ఫోన్ పట్టుకొని కొట్టం దగ్గరికి వెళ్ళి మా బర్రెను చూపించాడు. పిల్ల మధ్యలో దూరి, ఇది ఆవా, అంత నల్లగా ఎందుకుంది అని డచ్చిలో ఒక ముక్క, పష్తోలో ఒక ముక్క అడిగింది. నేను జవాబు చెప్పబోయాను. అప్పటికే బాపు చెప్పేశాడు.

దిద్దవలసిన పరీక్ష పేపర్లు తెచ్చుకున్నాను. చాప వేసుకొని లోపల కూర్చున్నాను. కొట్టం వైపు నుంచి బాపు మాటలు వినబడుతూనే ఉన్నాయి. నాకు తెలిసినంతలో అవి పాల గురించీ, మేత గురించీ.